పక్క మంచం మీద ఎవరు?

మెల్‌బోర్న్ పడమటి శివారు పాయింట్ కుక్‌లో అమ్మనో నాన్ననో ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు చాలా తెలుగు ఇళ్ళు తడబడేది ఇక్కడే. ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఒకే గదిలో పడుకోబెట్టవచ్చా?

నాలుగు మంచాలు. ఒక్కో మంచం చుట్టూ సీలింగు నుంచి వేలాడే కర్టెన్. గది మూలన నలుగురికీ కలిపి ఒకటే బాత్రూమ్. కిటికీ పక్కన ఎనభై దాటిన గ్రీకు తాతగారు. ఆయనకు ఎదురుగా తుంటి ఎముక విరిగి చేరిన ఇటలీ పెద్దావిడ. తలుపు దగ్గర, ఊపిరి అందక నిన్న రాత్రి అంబులెన్సులో వచ్చిన ట్రక్కు డ్రైవరు. మిగిలిన నాలుగో మంచం మీదికి మీ అమ్మగారిని తీసుకొస్తున్నారు.

ఇది ఫలానా ఆసుపత్రి అని వేలు పెట్టి చూపించే బొమ్మ కాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆసుపత్రుల జనరల్ వార్డుల్లో ఎక్కడైనా కనిపించగలిగేదే. ఇక్కడ వార్డును వేరుచేసేది రోగం. గుండెకో వార్డు, ఎముకలకో వార్డు, పక్షవాతానికో వార్డు. గదులు కేటాయించేటప్పుడు ఆడవాళ్ళను ఆడవాళ్ళతో, మగవాళ్ళను మగవాళ్ళతో ఉంచాలనే మామూలుగా చూస్తారు. మంచాలన్నీ నిండిన రోజున మాత్రం ఏది ఖాళీ అయితే అదే.

కొడుకు సిస్టరుతో ఇంగ్లిషులో రెండు ముక్కలు మాట్లాడి వచ్చి, "ఇక్కడింతేనమ్మా, ఎవరూ పట్టించుకోరు" అంటాడు. అమ్మ ఆ మాటకు జవాబివ్వదు. కోడల్ని దగ్గరికి పిలిచి, "రాత్రికి నువ్వుంటావా?" అని అడుగుతుంది. సాయంత్రం చూసిపోయే వేళ ముగిశాక మామూలు వార్డులో ఇంటివాళ్ళు ఉండడం ఇక్కడి అలవాటు కాదు. రాత్రంతా ఆవిడ ఒక్కతే. కర్టెన్‌కు అవతల ఎవరో దగ్గుతుంటారు.

ఆ దగ్గే మగమనిషి మీద ఆవిడకు భయం ఉండాలని లేదు. ఆయనా ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకున్న రోగే. అసలు ఇబ్బంది వెనక నాడాలు కట్టుకునే ఆసుపత్రి గౌనుతో మొదలవుతుంది. డెబ్బై ఏళ్ళుగా చీర తప్ప కట్టని మనిషి, వీపు కప్పని గుడ్డతో, సెలైన్ స్టాండు ఒక చేత్తో తోసుకుంటూ, ముగ్గురి మంచాల ముందునుంచి బాత్రూముకు నడవాలి. అందుకని మంచినీళ్ళు తాగడం తగ్గిస్తుంది. బెడ్‌పాన్ అడగాల్సినప్పుడు బెల్లు నొక్కదు. వృద్ధులకు నీళ్ళు తగ్గితే ఏమవుతుందో, చీకట్లో ఎవరినీ పిలవకుండా లేచి నడిస్తే ఏమవుతుందో ఏ వార్డు సిస్టరును అడిగినా చెబుతుంది. సిగ్గు కూడా ఒక వైద్య సమస్యే. దాన్ని సంస్కృతి పేరుతో పక్కన పెట్టేయడం తేలిక.

గోడలకు చెవులు, తెరలకు తెలుగు

పాయింట్ కుక్ సంగతి తెలియనివారికి రెండు మాటలు. మెల్‌బోర్న్ నడిబొడ్డుకు నైరుతిగా పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది. 1914 మార్చి 1న ఆస్ట్రేలియా సైనిక విమానం మొదటిసారి గాల్లోకి లేచింది ఇక్కడి మైదానం నుంచే. ఆ తర్వాత చాలాకాలం వైమానిక స్థావరం, దాని చుట్టూ పొలాలు. ఇప్పుడు పెరడుకు పెరడు ఆనుకున్న ఇళ్ళు. 2021 జనాభా లెక్కల్లో 66,781 మంది. దేశమంతటా ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసుకున్నవాళ్ళు అదే ఏడాది దాదాపు 59 వేలు. పక్కనున్న టార్నీట్, ట్రుగనీనా, విలియమ్స్ లాండింగ్‌లతో కలిపి చూస్తే ఈ పడమటి శివార్లలో తెలుగు వినబడని వీధి తక్కువ. ఆసుపత్రి అవసరం పడితే ముందుగా గుర్తొచ్చేది వెరిబీ మెర్సీ. కాన్పులకు, పిల్లలకు సన్‌షైన్‌లోని జోన్ కర్నర్ ఆసుపత్రి. లేదంటే ఫుట్‌స్క్రే.

ఈ జనసాంద్రత వల్ల ఒక వింత ఇబ్బంది ఉంది. ఇంగ్లిషు రాని రోగికి డాక్టరు ఫోనులో దుబాసీని పిలుస్తారు. ఫోను స్పీకరులో పెడతారు. విరేచనం ఎన్నిసార్లయింది, నెలసరి ఎప్పుడు ఆగింది, మూత్రం ఆపుకోలేకపోతున్నారా అని దుబాసీ స్వచ్ఛమైన తెలుగులో గట్టిగా అడుగుతుంది. పక్క మంచం మీద గ్రీకు తాత ఉంటే నష్టం లేదు. పాయింట్ కుక్‌లో మాత్రం ఆ పక్క మంచం మీద పోయిన ఉగాది వేడుకల్లో పులిహోర వడ్డించిన బావగారే ఉండొచ్చు. కర్టెన్ చూపును ఆపుతుంది, మాటను ఆపదు. తెలియని పరాయి మగవాడికంటే తెలిసిన మగవాడు పక్కనుండడమే మనవాళ్ళకు పెద్ద శిక్ష. ఈ సంగతి ఆసుపత్రి పడకలు పంచేవారికి తోచదు.

మగవాళ్ళ సంగతి ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడే చెప్పాలి. ప్రోస్టేట్ ఆపరేషనై మూత్రం గొట్టంతో పడుకున్న మామయ్యగారికి ఎదురు మంచం మీద ఒక ఆడమనిషి ఉంటే ఆయనా బెల్లు నొక్కడు. ఆడ సిస్టరు గొట్టం మార్చడానికి వస్తే గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటాడు. ఇంటికొచ్చాక కూడా ఎవరికీ చెప్పడు. మిశ్రమ వార్డుల చర్చంతా స్త్రీల మర్యాద చుట్టూనే తిరగడంవల్ల మగ రోగులకు మర్యాద అక్కర్లేదన్న భావం నిలబడిపోయింది.

ఆడవాళ్ళను ఆసుపత్రి గడప దాటించినవి

వేరు వార్డులు కావాలనడం వెనకబాటుతనమని ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు అనుకోవచ్చు. తెలుగునేల వైద్య చరిత్ర మాత్రం మరో కథ చెబుతుంది.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు రాజధానిలో పరదా పాటించే ఇళ్ళ ఆడవాళ్ళు మగ డాక్టరు చేత నాడి చూపించుకోవడం కంటే ఇంట్లో చనిపోవడానికే సిద్ధపడేవాళ్ళు. ముఖ్యంగా కాన్పులో. లాయరు భర్త వెంట మద్రాసు వచ్చిన మేరీ షార్లీబ్ ఈ చావుల గురించి విని ఊరుకోలేకపోయింది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన మొదటి స్త్రీలలో ఆమె ఒకతె. పై చదువుకు లండన్ వెళ్ళి, తిరిగొచ్చి, 1885లో అగ్రవర్ణ, ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి మొదలుపెట్టించింది. విక్టోరియా రాణి పేరు పెట్టుకున్న ఆ ఆసుపత్రి కట్టడానికి పెద్ద మొత్తం ఇచ్చినవారిలో మన వెంకటగిరి రాజా ఉన్నారు. ఇప్పుడది ట్రిప్లికేన్‌లోని కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. అగ్రవర్ణాలకు వేరుగా అన్న ముక్క ఇవాళ చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆ గోడ ఆడవాళ్ళ మర్యాదతోపాటు కులాన్ని కూడా కాపాడింది. మర్యాద పేరుతో వచ్చిన ప్రతి విభజననూ కళ్ళకద్దుకోకూడదనడానికి ఇది చాలు.

గుంటూరులో అన్నా సారా కుగ్లర్ కథ మరోలా నడిచింది. 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున వచ్చేటప్పటికే ఆమె పట్టా పుచ్చుకున్న డాక్టరు. మిషన్ పంపింది మాత్రం ఆడపిల్లల చదువు, జనానా పనుల కోసం. వైద్యం ఆమె తనంతట తాను మొదలుపెట్టింది. ఇళ్ళకు వెళ్ళి చూసింది, తన ఇంటికొచ్చినవాళ్ళను చూసింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. గుంటూరువాళ్ళకు అది ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రే.

హైదరాబాదులో మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో, నగరానికొచ్చిన వేల్స్ యువరాణి చేత శంకుస్థాపన చేయించారు. క్లోరోఫాం మీద పరిశోధనలతో ప్రపంచం దృష్టిని హైదరాబాదు వైపు తిప్పిన ఎడ్వర్డ్ లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ పనిచేసిన చోట్లలో ఈ జనానా ఆసుపత్రి కూడా ఉంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెను లెక్కిస్తారు. ఆడవాళ్ళ కోసం వేరుగా కట్టిన ఆసుపత్రుల్లో ఆడ డాక్టర్లకు పని దొరికింది, పేరు దొరికింది. ఆడ రోగులకు ప్రాణం దొరికింది.

ఆనాడు ఆ గోడ ఆడవాళ్ళను లోపలికి రానిచ్చింది. వేరు వార్డుల గురించి నా వాదన మొదలయ్యేది ఇక్కడినుంచే. ఆచారం నిలబడిందా కూలిందా అన్నది తర్వాత సంగతి. రోగి సిగ్గుపడకుండా నోరు తెరిచి తన బాధ చెప్పుకోగలిగిందా అన్నది ముందు.

అక్కడ గోడ ఉంది, తెర లేదు

అలాగని మన ఊరి ప్రభుత్వాసుపత్రి ఆడవాళ్ళ వార్డును పాయింట్ కుక్‌లో కూర్చుని బంగారు పూత వేసి తలుచుకోనవసరం లేదు. తలుపు మీద 'ఆడవారి వార్డు' అని పెద్ద అక్షరాల్లో రాసుంటుంది. లోపల మంచానికీ మంచానికీ మధ్య జానెడు జాగా. రద్దీ రోజుల్లో ఒక మంచం మీద ఇద్దరు, మంచాల మధ్య నేల మీద చాపలు. కర్టెన్లు లేవు. రోగికి తోడుగా వచ్చిన అటెండెంట్లలో సగం మంది మగవాళ్ళే. అన్నం క్యారియరు పట్టుకొచ్చిన తమ్ముడు, మందుల చీటీ పట్టుకుని తిరిగే భర్త, పక్కూరు నుంచి పలకరించడానికొచ్చిన నలుగురు. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు వెనక పదిహేను మంది మెడికో విద్యార్థులు. అందరి ముందూ పొట్ట మీద గుడ్డ తొలగించి చూపిస్తారు.

అంటే మన వార్డుల్లో మగ రోగిని బయట పెట్టాం, మగవాళ్ళను కాదు. అయినా మన అమ్మలకు అక్కడ భయం వేయదు. పక్కనే కూతురో, చెల్లెలో, ఆడపడుచో ఉంటుంది. చీర అడ్డం పట్టుకునే మనిషి ఉంటుంది. ఇక్కడ కర్టెన్ ఉంది, ఆ మనిషి లేదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రుల ఐసీయూల్లో ఆడామగా పక్కపక్క మంచాల మీదే ఉంటారు. అక్కడ ఏ ఇంటివాళ్ళూ అభ్యంతరం చెప్పగా నేను వినలేదు. లైట్లు ఆరవు, ఒక్కో సిస్టరు ఒకరిద్దరిని మాత్రమే చూస్తుంది, రోగికి తన ఒంటిమీద ధ్యాసే ఉండదు. ఒళ్ళు కోలుకుంటున్నకొద్దీ సిగ్గు తిరిగొస్తుంది. కాబట్టి కలిపి ఉంచవచ్చా అన్న ప్రశ్నకు ఐసీయూలో ఒక జవాబు, జనరల్ వార్డులో మరో జవాబు ఉండడం ద్వంద్వనీతి కాదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, మగ డాక్టరు ఆడ రోగిని పరీక్షించేటప్పుడు మరో ఆడమనిషి ఉండాలన్న హక్కు ఉంది. ఆ పత్రం గోడకు అంటించిన చోట కూడా చదివేవాళ్ళు తక్కువ. ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో 2,000 పడకల కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. పడకల సంఖ్య పత్రికలన్నీ రాశాయి. గదికెన్ని పడకలు, ఎంతమందికి ఒక బాత్రూమ్, మంచానికి తెర ఉంటుందా అన్న ప్రశ్నలు ఎవరైనా అడిగితే బాగుండును.

బ్రిటన్ పాతికేళ్ళ పాఠం

ఆడామగా కలిసిన వార్డులు ఆధునికత కోసం ఎవరో పనిగట్టుకుని తెచ్చినవి కావు. ఫ్లోరెన్స్ నైటింగేల్ కాలపు వార్డు అంటే ముప్పై మంచాల పొడవాటి హాలు, ఒక చివరినుంచి చూస్తే అందరూ కనబడేలా. అందులో అంతా ఆడవాళ్ళో, అంతా మగవాళ్ళో. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వైద్యం శాఖలుగా చీలింది. గుండె మానిటర్లు ఒకచోట, డయాలిసిస్ యంత్రాలు ఒకచోట, ఆ పనిలో తర్ఫీదున్న సిస్టర్లు ఒకచోట. ఒకే యంత్రాలను, ఒకే సిబ్బందిని ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి చొప్పున రెండుచోట్ల పెట్టడానికి డబ్బు చాలదు. పడకలు తగ్గించి, ఉన్నవాటిని ఎప్పుడూ నింపి ఉంచాలన్న లెక్కలు దానికి తోడయ్యాయి.

దీన్ని వెనక్కి తిప్పాలని బ్రిటన్ చేసిన ప్రయత్నం చదవదగ్గది. మిశ్రమ వార్డులను తొలగించే దిశగా పనిచేస్తామని 1997 ఎన్నికల ప్రణాళికలో లేబర్ పార్టీ రాసింది, గెలిచింది. పదేళ్ళు దాటాక, 2008లో, ఆ ప్రభుత్వపు ఆరోగ్యశాఖ సహాయమంత్రే అయిన సర్జన్ లార్డ్ డార్జీ, ఆసుపత్రులన్నీ ఒంటరి గదులతో తిరిగి కడితే తప్ప ఇది అయ్యేపని కాదని సభలో ఒప్పుకున్నాడు. పత్రికలు ఉతికేశాయి. మరుసటి ఏడు పది కోట్ల పౌండ్ల నిధి ప్రకటించారు. ప్రభుత్వం మారాక, వైద్య కారణం లేకుండా ఆడామగలను ఒకే గదిలో ఉంచిన ప్రతి రోగికీ, ప్రతి రోజుకూ 250 పౌండ్ల జరిమానా అన్నారు. నెలనెలా లెక్కలు బయటపెట్టారు.

లెక్కలు బయటపెట్టడం పనిచేసింది. 2010 డిసెంబరులో దాదాపు 11,800 ఉల్లంఘనలు. మూడునాలుగేళ్ళలో అవి నెలకు కొన్ని వందలకు పడిపోయాయి. అది చూసి సమస్య తీరిందనుకున్నారు. తర్వాత పడకల కరువు ముదిరింది, కోవిడ్ వచ్చి పోయింది, ఈ మధ్య ఏళ్ళలో మళ్ళీ నెలకు నాలుగు వేలు దాటిన సందర్భాలున్నాయి. కలిపి ఉంచకూడదన్న నిబంధన అలాగే ఉంది, మంచాలే లేవు. ఖాళీ మంచాలు ఉన్నంతకాలమే ఎంపిక ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2015లోనే దీనిమీద లిఖిత విధానం తెచ్చింది. ఒక గదిలో ఒకే లింగం వారు ఉండాలి, ఐసీయూ, ఎమర్జెన్సీ వంటి చోట్లకు మినహాయింపు. మనముండే విక్టోరియా రాష్ట్రంలో ఈ విషయం గట్టిగా తెరమీదికొచ్చింది మాత్రం మానసిక వైద్య వార్డుల వల్ల. ఆ దారి చాలా చేదుగా ఉంది.

బేరాలు కుదరని చోటు

మానసిక వైద్య వార్డులో రోగి మంచాన పడి ఉండడు. నడుస్తాడు, తిరుగుతాడు, గదుల తలుపులు తీస్తాడు. కొందరు తమంతట తాము రాలేదు, చట్టం ప్రకారం చేర్చినవాళ్ళు. మందుల మత్తులో ఉన్న స్త్రీకి అరిచే శక్తి ఉండదు. అరిచినా, జబ్బువల్ల అలా అంటోందని కొట్టిపారేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఇక్కడి మానసిక రోగుల సొంత సంఘం, విక్టోరియన్ మెంటల్ ఇల్‌నెస్ అవేర్‌నెస్ కౌన్సిల్, 2013లో ఒక సర్వే బయటపెట్టింది. అందులో పాల్గొన్న స్త్రీలలో 85 శాతం మంది వార్డులో భద్రంగా అనిపించలేదన్నారు. 45 శాతం మంది తమమీద లైంగిక దాడి జరిగిందన్నారు. చిన్న సర్వే, నిజమే. ఆ సంఖ్యను రాష్ట్రం మొత్తానికి అంటగట్టకూడదు. కానీ అది చదివిన ప్రభుత్వం ఊరుకోకూడని సంఖ్య. 2018లో మానసిక ఆరోగ్య ఫిర్యాదుల కమిషనర్ తన దగ్గరికొచ్చిన ఫిర్యాదులను పట్టుకుని లైంగిక భద్రత మీదే ప్రత్యేక నివేదిక రాశారు. 2021 మార్చిలో పార్లమెంటు ముందుకొచ్చిన రాయల్ కమిషన్ తుది నివేదిక, పదమూడో సిఫారసుగా, మానసిక వైద్య ఇన్‌పేషెంట్ విభాగాలన్నిటిలో లింగాన్నిబట్టి విడి ఏర్పాటు ఉండాలని, కొత్తగా కట్టేవాటిని మొదటినుంచే అలా కట్టాలని తేల్చింది.

మన సమాజంలో ఈ వార్డుల గురించి మాట్లాడేవాళ్ళు లేరు. మనవాళ్ళు అక్కడ చేరడం లేదని కాదు. చేరినట్టు చెప్పరు. కాన్పు తర్వాత కుంగుబాటుతో నెలల బిడ్డతో చేరిన కోడలి గురించి ఊళ్ళో 'కొంచెం నీరసంగా ఉంది' అంటారు. వెరిబీలో అలాంటి తల్లుల కోసం బిడ్డతో సహా ఉండే ప్రత్యేక విభాగం ఉందని ఎన్ని తెలుగు ఇళ్ళకు తెలుసు? జనరల్ వార్డులో మంచాల కొరత పేరుతో సర్దుకోవడానికి నేను ఒప్పుకుంటాను. మానసిక వైద్య వార్డులో ఒప్పుకోను. అక్కడ గది మాత్రమే కాదు, నడవా, కూర్చునే హాలు కూడా వేరుగా ఉండాలి, రాత్రి తలుపుకు లోపలినుంచి గడియ ఉండాలి.

ఇక మిగిలిన వార్డులు

ప్రతి వార్డునూ రెండుగా చీల్చమని నేననను. పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి గంటలు ప్రాణం. స్ట్రోక్ వార్డులో ఖాళీగా ఉన్న ఒకే మంచం మగవాళ్ళ గదిలో ఉందని ఒక స్త్రీని ఎమర్జెన్సీ నడవాలో స్ట్రెచర్ మీద ఉంచేస్తే ఆ మర్యాద ఎవరికి పనికొస్తుంది? ఎమర్జెన్సీలో గంటల తరబడి పడిగాపులు కాసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. ముందు మంచం, ముందు మందు. తర్వాత, వీలైనంత త్వరగా, సరైన గది.

వార్డు ఉమ్మడిగా ఉండొచ్చు, సిస్టర్లు, యంత్రాలు, డాక్టర్లు ఉమ్మడిగా ఉండొచ్చు. నిద్రపోయే గది, స్నానం చేసే గది వేరుగా ఉండాలి. కలపక తప్పని పరిస్థితి వస్తే అది ఒక రాత్రికి జరిగిన మినహాయింపుగా రాసిపెట్టాలి, మర్నాడు సరిచేయాలి, లెక్కలో చూపించాలి. బ్రిటన్‌లో పనిచేసింది జరిమానా కంటే ఆ లెక్కే అని నా నమ్మకం.

ట్రాన్స్‌జెండర్ రోగుల మాటేమిటి అని అడుగుతారు. అడగాల్సిందే. బ్రిటన్‌లో స్త్రీ అనే మాటకు సమానత్వ చట్టంలో అర్థం పుట్టుకతో వచ్చిన లింగమేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక అక్కడి ఆసుపత్రులు తమ నిబంధనలు తిరిగి చూసుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో లింగ గుర్తింపు మీద వివక్ష చూపకూడదని 2013 నుంచీ చట్టముంది. నిజానికి నాలుగు మంచాల గదిలో ఈ రోగులు పడేంత అవస్థ ఇంకెవరూ పడరు. ఎక్కడ పడుకోబెట్టినా ఎవరో ఒకరు గొణుగుతారు. వాళ్ళకు ఒంటరి గది ముందుగా ఇవ్వడమే గౌరవం.

మరి అందరికీ ఒంటరి గదులే కట్టేస్తే? అడిలైడ్‌లో 2017లో తెరిచిన కొత్త రాయల్ అడిలైడ్ ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్ గదులన్నీ ఒంటరివే, ఒక్కోదానికి సొంత బాత్రూమ్. ఇంగ్లండ్‌లో పెంబరీ ఆసుపత్రి 2011లోనే అలా కట్టారు. అక్కడ లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు చూస్తే రోగుల్లో ఎక్కువమంది ఒంటరి గదే బాగుందన్నారు. సిస్టర్లకు మాత్రం నడక పెరిగింది, కనబడని గదుల్లో రోగులు పడిపోతారేమోనన్న దిగులు పెరిగింది. లింగం గొడవకు ఒంటరి గది అన్నిటికంటే తిన్నని పరిష్కారం, అనుమానం లేదు.

అయినా మన పెద్దవాళ్ళ విషయంలో నాకొక సందేహం ఉంది. ఇంగ్లిషు రాని అమ్మమ్మను తలుపు మూసిన గదిలో నాలుగు రోజులు ఉంచితే ఆమెకది జైలు. ఊళ్ళో ఆసుపత్రి మంచం మీద ఆమెకు పక్క మంచమే లోకం. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం ఆపరేషను, డాక్టరు మంచివాడేనా, అన్నీ మొదటి గంటలోనే తెలిసిపోయేవి. పక్కావిడ సెలైన్ అయిపోతే ఈవిడే సిస్టరును కేకేసేది. ఆ పలకరింపుకూ వైద్యంలో వాటా ఉంది. ఇద్దరు ఆడవాళ్ళకో ఇద్దరు మగవాళ్ళకో ఒక గది, దానికో బాత్రూమ్ అన్న పాత ఏర్పాటు మన తరహా మనుషులకు ఒంటరి గది కంటే మేలని నాకనిపిస్తుంది. ఆ పక్కావిడ వియత్నాం అమ్మమ్మే అయినా సరే. చేతి సైగలతో వాళ్ళు మాట్లాడుకోగలరు, మనమే మాట్లాడుకోలేం.

అడగొచ్చు

ఆస్ట్రేలియా ఆరోగ్య హక్కుల పత్రం 2019 కూర్పులో ఏడు హక్కులున్నాయి. గౌరవం, వ్యక్తిగత గోప్యత వాటిలో ఉన్నాయి. మీ సంస్కృతిని, నమ్మకాలను, ఎంపికలను గుర్తించాలని అందులో స్పష్టంగా రాసుంది. అలాగని మీరు కోరిన మంచం ఇచ్చి తీరాలన్న ఉత్తర్వు కాదది. కానీ అడిగినప్పుడు ముఖం చిట్లించే వీలు మాత్రం ఎవరికీ ఉండదు.

మన మగపిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. అమ్మ ఇబ్బంది పడుతోందని తెలిసి కూడా, 'ఇలా అడిగితే మనల్ని పల్లెటూరివాళ్ళనుకుంటారు' అని ఊరుకుంటారు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఆడవాళ్ళు ఈ గదుల గురించి ఎప్పటినుంచో గట్టిగానే మాట్లాడుతున్నారు. న్యూ సౌత్ వేల్స్ విధానం వాళ్ళకోసం కూడా వచ్చింది. ఇది మన ఒక్కళ్ళ పట్టింపు కాదు.

అడగాల్సింది ఎమర్జెన్సీలో ఉండగానే, పై వార్డుకు మార్చకముందు. ఆడవాళ్ళ గది కావాలని, లేకపోతే ఖాళీ అయిన వెంటనే మార్చమని ఫైలులో రాయించాలి. వార్డుకు చేరాక అయితే నర్స్ యూనిట్ మేనేజరును అడగాలి. పొద్దున పదింటికి డిశ్చార్జీలు మొదలవుతాయి కాబట్టి ఆ వేళకు ముందే అడిగితే ఫలితముంటుంది. బాత్రూముకు దగ్గరి మంచం ఇమ్మనొచ్చు. ఆడ డాక్టరును, ఆడ సిస్టరును అడగొచ్చు, ప్రతిసారీ దొరక్కపోవచ్చు. దుబాసీ కావాలంటే 131 450 నంబరు. దుబాసీ ఆడమనిషి అయితే బాగుంటుందని ముందే చెప్పొచ్చు. స్పీకరు వద్దు, ఫోను అమ్మ చెవికి పెట్టండి అని కూడా చెప్పొచ్చు. అంత చిన్న మాటకే సగం బరువు దిగుతుంది. ఎవరూ వినకపోతే ముందు ఆసుపత్రిలోని ఫిర్యాదుల విభాగం, ఆ తర్వాత రాష్ట్ర హెల్త్ కంప్లయింట్స్ కమిషనర్. మానసిక వైద్యానికైతే 2023 సెప్టెంబరులో ఏర్పడిన మెంటల్ హెల్త్ అండ్ వెల్‌బీయింగ్ కమిషన్.

ఊరినుంచి చూడ్డానికొచ్చే అమ్మానాన్నలది మరో లెక్క. ఆస్ట్రేలియాకు బ్రిటన్, న్యూజిలాండ్, ఇటలీ వంటి 11 దేశాలతో పరస్పర వైద్య ఒప్పందాలున్నాయి, భారత్‌తో లేదు. కాబట్టి విజిటర్ వీసా మీద వచ్చినవారికి మెడికేర్ వర్తించదు. ఇన్సూరెన్సు లేకుండా ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజు ఉన్నా బిల్లు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఇన్సూరెన్సు కొనేటప్పుడు మనమంతా ప్రీమియం ఎంత, పాత జబ్బులు కవర్ అవుతాయా అని మాత్రమే చూస్తాం. ప్రైవేటు ఆసుపత్రిలో గది విడిగా ఇస్తారా, పంచుకునే గదేనా అన్నది పాలసీ కాగితాల్లో ఒక వరుసలో ఉంటుంది. ఏజెంటు దాన్ని చదివి వినిపించడు. అమ్మకు టికెట్టు బుక్ చేసే ముందు ఆ వరుస వెతికి చూసుకోండి.